తొలి కాన్పుకు మాతృ వందన ఐదు వేలు: ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎలా రాయించుకోవాలి

‘అక్కా, నాకు మూడో నెల. ఐదు వేలు ఇస్తారంటగా, ఎక్కడ రాయించుకోవాలి?’ నెలకు నాలుగైదు సార్లైనా ఎవరో ఒకరు నన్ను ఇలా అడుగుతారు. బాబు పుట్టి ఏడాది దాటాక వచ్చి ‘మాకు ఇంకా పడలేదు, ఏం చేయాలి?’ అని అడిగేవాళ్లూ ఉన్నారు. మొదటివాళ్లకు చెప్పడం తేలిక. రెండోవాళ్లకు చాలాసార్లు చేయడానికి ఏమీ మిగలదు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది.

పథకం పేరు ప్రధానమంత్రి మాతృ వందన యోజన. 2017 జనవరి 1 నుంచి ఉంది. మొదట్లో వెయ్యి, రెండు వేలు, రెండు వేలు చొప్పున మూడు విడతలుగా ఇచ్చేవారు. 2022 ఏప్రిల్ నుంచి నిబంధనలు మారి రెండు విడతలయ్యాయి. యూట్యూబ్‌లో పాత వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి మూడు విడతలని చెప్పేవి, భర్త ఆధార్ తప్పనిసరి అని చెప్పేవి చూడకండి.

ఇప్పుడు తొలి బిడ్డకు ఇచ్చేది ఇలా:

మొదటి విడత 3,000 రూపాయలు. గర్భం నమోదై, చివరి నెలసరి మొదలైన రోజు నుంచి ఆరు నెలల లోపు కనీసం ఒక్కసారి గర్భిణి పరీక్ష చేయించుకుని ఉండాలి.

రెండో విడత 2,000 రూపాయలు. బిడ్డ పుట్టుక నమోదై, పద్నాలుగు వారాల టీకాల వరకు పూర్తయి ఉండాలి.

తొలి బిడ్డ ఆడా మగా అన్న తేడా లేదు. ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పు అయినా ఈ ఐదు వేలు వస్తాయి. ‘ప్రైవేటులో చూపించుకుంటున్నాం కదా, మాకు రాదులే’ అని వదిలేసినవాళ్లు నాకు తెలిసే పది మంది దాకా ఉన్నారు.

మీకు వర్తిస్తుందా

వయసు 18 ఏళ్ల 7 నెలలు నిండి ఉండాలి. ఆపైన ఈ కింది వాటిలో ఏదో ఒక్కటి ఉంటే చాలు: ఎస్సీ లేదా ఎస్టీ కావడం, ఆహార భద్రత చట్టం కింద రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారు కావడం, మీ పేరు మీద పీఎం కిసాన్ రావడం, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం, ఏడాదికి 8 లక్షల లోపు కుటుంబ ఆదాయం. అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ఆశా వర్కర్లకు కూడా వస్తుంది.

రానిది ఎవరికంటే, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల్లో గానీ ప్రభుత్వ రంగ సంస్థల్లో గానీ రెగ్యులర్ ఉద్యోగం చేస్తున్న మహిళలకు, ఇంకో చట్టం కింద ఇలాంటి ప్రసూతి ప్రయోజనం అందుకుంటున్నవాళ్లకు. ఆ నిబంధన చెప్పేది ఆమె ఉద్యోగం గురించే, భర్త ఉద్యోగం గురించి కాదు. మీరు కంపెనీలో పనిచేస్తూ ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కడుతుంటే, అర్హత రోజులు నిండినవాళ్లకు అక్కడ 26 వారాల జీతం వస్తుంది. ఐదు వేల కోసం చూసుకోకుండా ఆ దారి పట్టండి, చాలా పెద్ద మొత్తం.

కొత్తగా పెళ్లైన అమ్మాయిలకు వచ్చే చిక్కు రేషన్ కార్డు. పుట్టింటి బియ్యం కార్డులో పేరు తీయలేదు, అత్తింటి కార్డులో ఎక్కలేదు. కార్డు సరయ్యాక రాయించుకుందాంలే అని ఆగితే నెలలు గడిచిపోతాయి. జాబ్ కార్డులో మీ పేరు ఉంటే అది పెట్టండి. కూలి, కుట్టుపని లాంటి అసంఘటిత పని చేసేవాళ్లైతే ఈ-శ్రమ్ కార్డు తీసుకోవచ్చు. అదీ కాదంటే సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ ఆధార్, దానికి లింక్ అయి ఇప్పుడు పనిచేస్తున్న ఫోన్ నంబరు
- ఎంసీపీ కార్డు, అంటే గర్భం నమోదు చేసినప్పుడు ఏఎన్ఎం (మీ ప్రాంత ఆరోగ్య కార్యకర్త, నర్సమ్మ) ఇచ్చే తల్లీబిడ్డల కార్డు
- మీ ఒక్కరి పేరు మీద ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా (భర్త ఖాతా కుదరదు, జాయింట్ ఖాతా కుదరదు)
- పైన చెప్పిన అర్హత పత్రాల్లో ఒకటి
- రెండో విడత నాటికి బిడ్డ జనన ధ్రువపత్రం, టీకాల పేజీ నిండిన ఎంసీపీ కార్డు

భర్త ఆధార్ తప్పనిసరి కాదు. భర్త దగ్గర లేకపోయినా, విడిగా ఉంటున్నా మీ హక్కు మీదే. ఎవరైనా ‘ఆయన ఆధార్ లేకపోతే ఎక్కదు’ అంటే, ఆ నిబంధన తీసేశారని మర్యాదగానే, గట్టిగా చెప్పండి.

ఏం చేయాలి, వరుసగా

1. నెల తప్పిందని తెలియగానే మీ ఊరి ఆశా వర్కర్‌కు చెప్పండి.

మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదనే పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. చుట్టాలకు చెప్పకండి, సరే. ఆశా వర్కర్‌కు, ఏఎన్ఎంకు మాత్రం చెప్పండి. వాళ్లు నమోదు చేసి ఎంసీపీ కార్డు ఇస్తేనే మిగతా పనంతా మొదలవుతుంది. పట్నంలో అద్దెకుంటున్నవాళ్లు దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. సొంత ఊళ్లోనే చేయించుకోవాలన్న పట్టుదల అక్కర్లేదు.

2. కార్డు చేతికి రాగానే చివరి నెలసరి తేదీ సరిగ్గా రాశారో లేదో అక్కడే చూసుకోండి.

ఈ ఒక్క తేదీ మీదే లెక్కంతా నడుస్తుంది. ఒక చెల్లెలి కార్డు చూశాను. ఆమె చెప్పింది 7వ తేదీ. రాసినవారి ఏడుకు పైగీత చిన్నదై ఒకటిలా కనిపించింది. కంప్యూటర్లో 1 అని ఎక్కింది. ఆరు రోజుల తేడాతో కొంపలేం మునగవు. అదే నెల అంకె తప్పితే మాత్రం ఆరు నెలల గడువు దాటాక పరీక్ష చేయించుకున్నట్టు లెక్క తేలుతుంది, అప్పుడు దరఖాస్తు వెనక్కి వస్తుంది. తేదీ గుర్తులేకపోతే ఏదో ఒకటి చెప్పేయకండి. పండుగో పెళ్లో ఆనవాలు పెట్టుకుని గుర్తు చేసుకోండి, లేదా మొదటి స్కానింగ్ రిపోర్టు చూపించండి.

కాన్పు తేదీ సరిచూసుకోవడానికి ఒక లెక్క ఉంది. చివరి నెలసరి మొదటి రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలపండి. 2026 జనవరి 10 అయితే 2026 అక్టోబర్ 17 దగ్గర పడుతుంది. కార్డు మీద దానికి చాలా దూరంగా ఉంటే ఎక్కడో తప్పు రాశారు.

3. ఆరు నెలల లోపు కనీసం ఒక పరీక్ష కార్డులో రాయించుకోండి.

పై ఉదాహరణలో 2026 జులై 10 లోపు అన్నమాట. బరువు, బీపీ, రక్తంలో హిమోగ్లోబిన్, మూత్ర పరీక్ష, కడుపు పరీక్ష ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ప్రతి నెల 9వ తేదీన గర్భిణుల కోసం ప్రత్యేకంగా డాక్టర్ పరీక్షలు ఉంటాయి. పనిరోజు పోతుందనుకునేవాళ్లు ఆ ఒక్క రోజైనా పెట్టుకోండి.

ప్రైవేటులో చూపించుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. డాక్టరమ్మ ఫైలులో పన్నెండు స్కానింగులు ఉంటాయి, ఎంసీపీ కార్డు మాత్రం తెల్లగా ఉంటుంది. పథకానికి కావాల్సింది కార్డులోని పేజీ. ఆ ఫైలు తీసుకెళ్లి ఏఎన్ఎంకు చూపించి తేదీలు కార్డులో రాయించుకోండి. పది నిమిషాల పని.

4. ఖాతా సంగతి తేల్చుకోండి.

దీని గురించి కింద విడిగా రాశాను, ఎందుకంటే నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు ఆగేది ఇక్కడే. దరఖాస్తు పెట్టే ముందే చేయాలి.

5. దరఖాస్తు పెట్టండి.

రెండు దారులున్నాయి. ఒకటి, ఆశా వర్కర్ లేదా అంగన్‌వాడీ టీచర్ ద్వారా. మీ ఊళ్లో మాతృ వందన లాగిన్ ఎవరి దగ్గర ఉందో ఇద్దరినీ అడగండి. ఒకరు ‘నా పని కాదు’ అంటే రెండోవారి దగ్గరికి వెళ్లండి, ఇంటికి రాకండి. ఆధార్‌తో ముఖ గుర్తింపు ఉంటుంది కాబట్టి కాగితాలు అత్తగారితో పంపితే పని కాదు, మీరే వెళ్లాలి. ఆధార్‌లో ఫొటో బడికి వెళ్లే రోజులదైతే ముఖం కలవకపోవచ్చు. ముందే ఆధార్ కేంద్రంలో ఫొటో మార్పించుకోండి.

రెండోది, మీరే మాతృ వందన పోర్టల్‌లో సిటిజన్ లాగిన్ ద్వారా. ఫోన్ నంబరుకు ఓటీపీ వస్తుంది. పేరు ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే కొట్టండి. తర్వాత తొలి బిడ్డ అని ఎంచుకుని నెలసరి తేదీ, కార్డు నమోదైన తేదీ, పరీక్ష తేదీ, చిరునామా నింపి, అర్హత పత్రం ఫొటో ఎక్కించాలి. నెట్ సెంటర్‌కు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఫోన్ నంబరు మీదే ఇవ్వండి, సెంటర్ అబ్బాయిది కాదు. అతని నంబరు పెడితే తర్వాత మెసేజీలన్నీ అతనికే పోతాయి.

నా మాట అడిగితే ఆశా, అంగన్‌వాడీ ద్వారా పెట్టించడమే మేలు. మీరు సొంతంగా పెట్టినా, చివరికి క్షేత్రస్థాయిలో పరిశీలించి సరే అనాల్సింది వాళ్లే. ఊళ్లో లేనివాళ్లకు, లేదా ఎన్నిసార్లు తిరిగినా పని కానివాళ్లకు సొంత దరఖాస్తు పనికొస్తుంది.

6. నమోదు నంబరు రాసుకోండి, లేదా స్క్రీన్ ఫొటో తీసుకోండి.

‘ఎక్కించేశామమ్మా’ అన్న మాట పట్టుకుని వచ్చేయకండి. నంబరు ఉంటేనే ఎక్కించినట్టు. ఎంసీపీ కార్డు వెనక అట్ట మీద పెన్నుతో రాసి పెట్టుకోండి. ఫోన్ పోయినా కార్డు ఉంటుంది.

7. కాన్పు అయ్యాక 21 రోజుల లోపు పుట్టుక నమోదైందో లేదో చూసుకోండి.

ఆ గడువులోపు అయితే రుసుము ఉండదు. ఆసుపత్రి కాన్పు అయితే సమాచారం వాళ్లే పంపుతారు, కానీ తల్లి పేరు అక్షరాలు ఎలా రాశారో మీరే చూడాలి. డిశ్చార్జి హడావిడిలో ఎవరో ఒక బంధువు చెప్పిన ముద్దుపేరు రాసేసిన సందర్భాలు నాకు తెలుసు. బారసాల కాలేదు, పేరు పెట్టలేదు అని నమోదు ఆపకండి. పేరు లేకుండానే నమోదు చేస్తారు. ఏడాది లోపు పేరు చేర్చడానికి డబ్బు కట్టక్కర్లేదు.

8. పద్నాలుగు వారాల టీకా వేయించి, కార్డులో తేదీలు రాయించి, రెండో విడతకు పెట్టండి.

పుట్టినప్పుడు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, పోలియోతో పాటు మిగతావి. మధ్యలో జ్వరమొచ్చి పది వారాల డోసు ఆలస్యమైతే కంగారు పడకండి, డబ్బు పోదు. డోసుల మధ్య నాలుగు వారాలు ఉండాలి కాబట్టి తర్వాతి టీకా కూడా అంత వెనక్కి జరుగుతుంది. ప్రైవేటులో టీకాలు వేయిస్తే వాళ్ల పుస్తకం తెచ్చి ఎంసీపీ కార్డులో ఎక్కించుకోండి. ఇక్కడా అదే కథ.

రెండో విడత తనంతట తాను వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. మళ్లీ కాగితాలు ఇవ్వాలి. మూడు వేలు అందుకుని రెండు వేలు వదులుకున్నవాళ్లు ఎక్కువగా ఈ అపోహ వల్లే వదులుకున్నారు.

గడువు బిడ్డ పుట్టిన రోజు నుంచి 270 రోజులు. మన ఉదాహరణలో 2026 అక్టోబర్ 17న పుడితే పద్నాలుగు వారాలు నిండేది 2027 జనవరి 23న, గడువు ముగిసేది 2027 జులై 14న. అంటే చేతిలో దాదాపు అయిదున్నర నెలలుంటాయి. కడుపుతో ఉన్నప్పుడు అసలు రాయించుకోనివాళ్లు కూడా ఈ 270 రోజుల్లో పెట్టుకోవచ్చు, కాకపోతే ఆరు నెలల లోపు చేయించుకున్న పరీక్ష కార్డులో ఉండాలి.

ఖాతా: డబ్బు దారి తప్పేది ఇక్కడే

డబ్బు మీరిచ్చిన ఖాతా నంబరుకు రాదు. మీ ఆధార్ ఏ ఖాతాకు ముడిపడి ఉందో ఆ ఖాతాకు వస్తుంది. ఈ రెండు వాక్యాలు అర్థమైతే సగం తిరుగుడు తప్పుతుంది.

నా సంగతే చెప్తాను. మొదటి విడత జమ అయిందని పోర్టల్‌లో కనిపించింది. నా పాస్‌బుక్ ప్రింటు వేయిస్తే లేదు. నెలన్నర ఆశా వర్కర్ మీద విసుక్కున్నాను, పాపం ఆమె తప్పేమీ లేదు. చివరికి మా అమ్మ ట్రంకుపెట్టెలోంచి ఇంకో పాస్‌బుక్ తీసింది. ఇంటర్ చదివేటప్పుడు స్కాలర్‌షిప్ కోసం తెరిచింది, అట్ట ఊడి రబ్బరు బ్యాండు వేసి ఉంది. బ్యాంకుకు తీసుకెళ్తే మిషన్ ఒక్క గీత ప్రింటు వేసింది: 3000.00, జమ. ఆ ఖాతా వాడక అప్పటికి నాలుగేళ్లు. మళ్లీ ఆధార్, ఫొటో, సంతకాలు ఇచ్చి దాన్ని నడిపించుకోవడానికి ఇంకో వారం పట్టింది. పెళ్లయ్యాక అత్తగారి ఊళ్లో తెరిచిన ఖాతాకు కూడా ఆధార్ ఇచ్చాను కదా అని నా ధీమా. అక్కడ వాళ్లు తీసుకున్నది కేవైసీ కోసమట, అంటే నేనెవరో గుర్తింపు చూసుకోవడానికి.

అదీ తేడా. ఖాతాకు ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు రావడానికి ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) ఆ ఖాతాను ఆధార్‌తో ముడిపెట్టడం వేరు. దీన్నే సీడింగ్ అంటారు. మొదటిది ఎన్ని ఖాతాలకైనా ఉంటుంది. రెండోది ఒక్క ఖాతాకే ఉంటుంది, చివరగా ఏది ముడిపెడితే అదే.

చూసుకునే పద్ధతి: మై ఆధార్ వెబ్‌సైట్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లోపలికి వెళ్లి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కండి. ఏ బ్యాంకో, యాక్టివ్ అవునో కాదో చూపిస్తుంది. ఖాతా నంబరు మొత్తం కనిపించకపోయినా బ్యాంకు పేరు చాలు, గుర్తుపట్టేస్తారు.

అక్కడ మీరు వాడే బ్యాంకు ఉండి యాక్టివ్ అని ఉంటే ఇక దాన్ని కదపకండి. వేరే బ్యాంకు ఉంటే రెండు మార్గాలు. ఆ పాత ఖాతా బతికే ఉంటే దానికే రానివ్వండి. లేదంటే మీకు కావాల్సిన బ్యాంకుకు వెళ్లి ‘ఆధార్ లింక్ చేయండి’ అనకుండా ‘డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం) కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ చేయాలి’ అని అడిగి, దాని సమ్మతి పత్రం నింపి ఇవ్వండి. నాలుగైదు రోజులాగి మళ్లీ స్టేటస్ చూడండి. మారకపోతే మళ్లీ వెళ్లండి. బ్యాంకు దూరమైతే పోస్ట్‌మ్యాన్ ద్వారా తెరిచే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా తేలికైన దారి, తెరిచేటప్పుడే సీడింగ్ కూడా అడగండి.

రెండేళ్లుగా లావాదేవీ లేని ఖాతా నిద్రలోకి పోతుంది. సీడింగ్ అంతా బాగున్నా ఖాతా అలా ఉంటే డబ్బు వెనక్కి పోవచ్చు. దరఖాస్తుకు ముందు వంద రూపాయలు వేసి తీయండి, తెలిసిపోతుంది.

ఇంకో మాట. దరఖాస్తు పెట్టాక, డబ్బు పడే లోపు, ఇంకెవరో కొత్త ఖాతా తెరిపిస్తామని ఇంటికొస్తే ఆధార్ వేలిముద్ర వేయకండి. కొత్త ఖాతా తెరిచేటప్పుడు తెలియకుండానే సీడింగ్ దానికి మారిపోవచ్చు.

పుట్టింటి కాన్పు, రెండూళ్ల మధ్య కాగితం

తొలి కాన్పు పుట్టింట్లో కదా మనకు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మగారింటికి వెళ్తారు, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక తిరిగొస్తారు. దరఖాస్తు అత్తింటి ఊళ్లో, టీకాలు పుట్టింటి ఊళ్లో. అక్కడి ఆశా ‘మీ అత్తగారి ఊళ్లో అడగండి’ అంటుంది, ఇక్కడి ఆశా ‘టీకాలు అక్కడ వేశారుగా’ అంటుంది. ఇద్దరిదీ తప్పు అనలేం. మధ్యలో 270 రోజులు కరిగిపోతాయి.

దీనికి నేను చెప్పే ఉపాయం: బయల్దేరే ముందే మొదటి విడత దరఖాస్తు పెట్టి నంబరు తీసుకోండి. ఎంసీపీ కార్డు బట్టల బ్యాగులో కాదు, చేతిసంచీలో పెట్టుకోండి. కార్డు ప్రతి పేజీ ఫోన్లో ఫొటో తీసి భర్తకు కూడా పంపండి. పుట్టింటికి చేరిన వారంలోపు అక్కడి ఏఎన్ఎంకు కార్డు చూపించి, మీరు వేరే ఊళ్లో నమోదయ్యారని చెప్పండి. కొత్త కార్డు తీసుకోకండి, కొత్తగా ఇంకో దరఖాస్తు అసలే పెట్టకండి. ఒకే ఆధార్‌తో రెండు దరఖాస్తులు పెడితే పని ఇరుక్కోవచ్చు. పద్నాలుగు వారాల టీకా పడిన రోజే ఆ పేజీ ఫొటో, జనన ధ్రువపత్రం మీరు నమోదైన ఊరి ఆశా వర్కర్‌కు వాట్సాప్ చేయండి. మీరు తిరిగొచ్చేదాకా ఆగాలా, అక్కడే పూర్తవుతుందా అని ఆమెనే అడగండి.

భార్య పుట్టింట్లో ఉన్నప్పుడు ఈ కాగితాల పని భర్త చూసుకోవాలి. పచ్చి బాలింతను సచివాలయం చుట్టూ తిప్పకండి.

పేరు, ఇంటిపేరు

పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారిస్తేనే డబ్బొస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. పుట్టింటి ఇంటిపేరుతోనే పెట్టొచ్చు. కావాల్సింది ఆధార్‌లో ఉన్న పేరే దరఖాస్తులో ఉండటం, బ్యాంకులో దానికి మరీ దూరంగా లేకపోవడం. ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తి ఇంటిపేరు ఉంటే బ్యాంకులో సరిచేయించుకోండి, అది తొందరగా అవుతుంది. మార్చాలనుకుంటే దరఖాస్తుకు ముందే మార్చండి, లేదా రెండో విడత పడ్డాక మార్చండి. మధ్యలో మాత్రం వద్దు.

పడిందో లేదో ఎలా చూసుకోవాలి

ఫోన్ మెసేజీ మీద ఆధారపడకండి. నమోదు నంబరుతో పోర్టల్‌లో స్థితి చూడొచ్చు, లేదా ఆశా, అంగన్‌వాడీ లాగిన్‌లో చూపించమనండి. మీకు కనిపించే మాటను బట్టి చేయాల్సింది మారుతుంది.

పరిశీలనలో ఉందంటే పైఅధికారి దగ్గర ఆగింది. నెల దాటితే అడగండి. దిద్దుబాటుకు వెనక్కి వచ్చిందంటే ఏదో ఒక గడిలో తప్పుంది, ఏ గడి అని అడిగి ఆ ఒక్కటే సరిచేయించండి. చెల్లింపు విఫలం అంటే దాదాపు ఎప్పుడూ ఖాతా గొడవే, పైన చెప్పిన సీడింగ్ స్టేటస్ చూడండి. జమ అయిందని ఉండి మీకు కనిపించకపోతే పాత ఖాతాలు వెతకండి, మీ ఇంట్లోనూ ఒక ట్రంకుపెట్టె ఉండొచ్చు.

ఎటూ తేలకపోతే 14408 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. నమోదు నంబరు దగ్గర పెట్టుకునే చేయండి. అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అర్జీలో కథంతా రాయకుండా నమోదు నంబరు, ఆగిన తేదీ, పోర్టల్‌లో కనిపిస్తున్న కారణం, ఈ మూడూ రాస్తే చాలు.

మోసాలు

ఈ పథకానికి ఎక్కడా రుసుము లేదు. ఎవరైనా ఖర్చులకని రెండొందలు అడిగితే ఇవ్వక్కర్లేదు. ‘మీకు కాన్పు డబ్బులు వచ్చాయి, ఓటీపీ చెప్పండి’ అని ఫోన్లు వస్తాయి, హిందీ యాసలోనూ, చక్కటి తెలుగులోనూ. మీ పేరు, బిడ్డ పుట్టిన తేదీ కూడా చెప్తారు, అందుకే నమ్మేస్తారు. డబ్బు పడటానికి ఓటీపీ అక్కర్లేదు. పొరపాటున చెప్పేస్తే ఆ క్షణమే 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు చెప్పండి.

దీంతో పాటు అడగాల్సినవి

జననీ సురక్ష యోజన వేరే పథకం. మన రాష్ట్రంలో ఇది దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ మహిళలకు. ఆసుపత్రి కాన్పుకు కేంద్రం ఇచ్చేది పల్లెల్లో 700, పట్టణాల్లో 600 రూపాయలు. డిశ్చార్జి అయ్యేలోపే ఆసుపత్రిలో అడగండి, తర్వాత ఎవరికీ పట్టదు. సర్కారు ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజుల వరకు భోజనం కూడా పెట్టాలి. ఇంటికి దింపడానికి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది.

ఒక కష్టమైన ప్రశ్న కూడా తరచూ వస్తుంది, ఎక్కువగా తల్లులు అడగరు, వాళ్ల అక్కలో వదినలో అడుగుతారు. మొదటి విడత తీసుకున్నాక కడుపు పోయినా, బిడ్డ ప్రాణం లేకుండా పుట్టినా తర్వాత పథకం ఉండదా అని. ఉంటుంది. మళ్లీ గర్భం వచ్చినప్పుడు ఆమెను కొత్త లబ్ధిదారుగానే చూడాలని నిబంధన. తీసుకున్న మూడు వేలు తిరిగి కట్టమని ఎవరూ అడగకూడదు. జరిగింది ఏఎన్ఎంతో చెప్పి పాత నమోదు రికార్డులో ఆ విషయం రాయించండి, లేకపోతే రెండోసారి పెట్టినప్పుడు ‘ఇప్పటికే తీసుకున్నారు’ అని చూపిస్తుంది. ఆ పని ఆమెతో చేయించకుండా ఇంట్లోవాళ్లెవరైనా వెళ్లి చేయించుకు రండి.